బెరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఇల్లు: పగలు ఇంట్లో ఉండేవాళ్లని బట్టి వెతకండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీవారికి ఇంగ్లండులో సఫోక్ కౌంటీ (మన జిల్లా లాంటిది)లోని బెరీ సెయింట్ ఎడ్మండ్స్ ఆసుపత్రిలో డాక్టరుగా ఉద్యోగం ఖాయమైంది. హైదరాబాదులో మీ ఉద్యోగం వదిలేసి, మూడేళ్లు నిండబోతున్న పాపతో సెప్టెంబరులో వెళ్తున్నారు. ఊరి మధ్య పాతకాలపు ఇళ్లు ఫొటోల్లో ముచ్చటగా ఉన్నాయి. మోర్టన్ హాల్ అనే పేటలో ఇళ్లు కొత్తగా, సౌకర్యంగా ఉన్నాయి. బంధువులేమో రెండూ వద్దు, కేంబ్రిడ్జిలో ఉండండి, అక్కడైతే మనవాళ్లుంటారు అంటున్నారు. ఏది మేలు?

నేను 2011 జనవరిలో ఈ ఊరు వచ్చాను. మాదీ మీ కథే: మావారికి ఉద్యోగం, నాకు చంకలో బాబు. ఇప్పటికి ఇదే ఊళ్లో మూడు ఇళ్లు మారాం. ఒకటి ఊరి నడిబొడ్డున, ఒకటి ఆసుపత్రి వైపు, ఇప్పుడున్నది మోర్టన్ హాల్‌లో. మీరడిగిన మూడింటిలో రెండుచోట్ల కాపురం చేసిన అనుభవంతో రాస్తున్నాను.

మొదటి మాట. ఇల్లు మీవారి డ్యూటీని చూసి వెతక్కండి. ఆయన పన్నెండు గంటలు వార్డులో ఉంటారు. అక్కడ వెలుతురు ఉంటుంది, వెచ్చదనం ఉంటుంది, మాట్లాడే మనుషులుంటారు, మన దేశపు డాక్టర్లూ నర్సులూ కూడా ఉంటారు. ఆ పన్నెండు గంటలూ ఇంట్లో పాపతో ఉండేది మీరు. తలుపు తీసి పాప బండి తోసుకుంటూ పావుగంటలో ఎక్కడికి చేరగలరు అన్నదే మీ మొదటి ఏడాదిని నిర్ణయిస్తుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మొదటి చలికాలం అంత బరువుగా గడిచేది కాదు.

కేంబ్రిడ్జి సంగతి ముందే తేల్చేస్తాను. ఏ14 రోడ్డు మీద దాదాపు 28 మైళ్లు. రైల్లో ముప్పావుగంట, రెండువైపులా స్టేషనుకు చేరే సమయం అదనం. అద్దెలు అక్కడ బాగా ఎక్కువ. రాత్రి డ్యూటీ దిగి నిద్రమత్తులో ఆ రోడ్డు మీద కారు నడపడం నాకు భయం. మనవాళ్ల కోసం అక్కడ ఉందామంటే, ఆ మనవాళ్లూ పొద్దున ఎనిమిదికి వెళ్లి సాయంత్రం ఆరుకు వచ్చేవాళ్లే. శనివారం మీరే రైలెక్కి మిల్ రోడ్డుకు వెళ్లి కరివేపాకు, మునక్కాయలు, సోనామసూరి తెచ్చుకోవచ్చు, పరిచయస్తుల ఇంట్లో భోంచేసి రావచ్చు. అందుకోసం రోజూ ఆయన్ని అంత దూరం తిప్పడం నాకు సబబుగా తోచదు.

ఇక ఊరు. ఇక్కడివాళ్లు దీన్ని ఉత్త ‘బెరి’ అంటారు, మీరూ అలాగే అలవాటు చేసుకోండి. ఈ ఊరు ఎలా పుట్టిందో తెలిస్తే ఇళ్లు ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది. క్రీ.శ. 869లో డేన్‌ల (వైకింగుల) చేతిలో చనిపోయిన ఈస్ట్ ఆంగ్లియా (అప్పట్లో ఈ ప్రాంతపు రాజ్యం) రాజు ఎడ్మండ్ సమాధి ఇక్కడ వెలిసింది. దాని చుట్టూ మఠం, మఠానికి వచ్చే యాత్రికుల చుట్టూ బజారు పెరిగాయి. 11వ శతాబ్దంలో బాల్డ్విన్ అనే మఠాధిపతి వీధుల్ని గళ్లుగా గీయించి ఊరు కట్టించాడు. చర్చ్‌గేట్ స్ట్రీట్ పైచివర నిలబడి కిందికి చూడండి, వీధి సూటిగా నార్మన్ టవర్ అనే మఠపు పాత ద్వార గోపురం దగ్గరకు దిగుతుంది. మన దేవాలయాల ఎదుట సన్నిధి వీధి ఎలా ఉంటుందో అచ్చం అలాగే. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆ వీధిలో ఆగి, ‘ఇది గుడి ఊరే’ అంది. మఠాన్ని 1539లో మూసేశారు, రాళ్లు ఊరివాళ్లు పట్టుకుపోయి ఇళ్లకు వాడుకున్నారు. మఠం చర్చి ముఖద్వారపు శిథిలాల్లోకి చొప్పించి కట్టిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో కాపురాలున్నాయి. మిగిలిన ఆవరణ ఇప్పుడు అబ్బే గార్డెన్స్ అనే పార్కు. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు. పాపకి అదే రోజువారీ బడి.

మా మొదటి ఇల్లు ఆ గళ్ల వీధుల్లోనే ఒక సందులో. వీధివైపు నున్నటి ఇటుక గోడ, లోపలికి వెళ్తే వంగిపోయిన చెక్క దూలాలు. ఈ ఊళ్లో చాలా ఇళ్లు ఇంతే, ముఖం 18వ శతాబ్దానిది, ఒళ్లు అంతకంటే ఎంతో పాతది. ఇలాంటివి చాలావరకు ‘లిస్టెడ్’ భవనాలు. అంటే చట్టం కాపాడే ఇళ్లన్నమాట. అనుమతి లేకుండా కిటికీ మార్చినా నేరమే, కాబట్టి యజమాని మంచివాడైనా రెండు పొరల అద్దాలు సులువుగా వేయించలేడు. ఒంటి అద్దం కిటికీలు పొద్దున్నే చెమట కక్కుతాయి. మేం చేసిన తప్పు, తడిబట్టలు గదిని వేడిచేసే రేడియేటర్ల మీద ఆరేయడం, పప్పూ చారూ మూత లేకుండా మరగబెట్టడం. ఫిబ్రవరికల్లా పడగ్గది బీరువా వెనక గోడంతా నల్లబూజు. బాబుకి దగ్గు తగ్గలేదు. అద్దె ఏజెంటుకు చెప్తే కిటికీలు తెరవమన్నాడు. కిటికీ ఒకటి రంగు అంటుకుపోయి అసలు తెరుచుకునేదే కాదు. మే నెలలో ఖాళీ చేశాం.

కాబట్టి పాత ఇల్లు చూడడానికి వెళ్తే దూలాల్ని చూసి మురిసిపోకముందు మూడు పనులు చేయండి. ప్రతి కిటికీ తెరిచి మూయండి. వంటింట్లో పొయ్యి మీది ఫ్యాను గాలిని గోడ బయటికి తోస్తుందా, లేక వడగట్టి మళ్లీ గదిలోకే వదుల్తుందా అడగండి. మన పోపులకు బయటికి తోసేదే కావాలి. బీరువాల వెనక టార్చి వేసి చూడండి. ఇవి కాక ఊరి మధ్యలో కారు నిలపడానికి పర్మిట్ కావాలి, కొన్ని ఇళ్ల ముందు నిలిపే చోటే ఉండదు.

ఇంత చెప్పినా, ఆ ఇంటి వల్ల నాకు దక్కిన మేలు ఒకటుంది. బుధవారం, శనివారం బటర్‌మార్కెట్, కార్న్‌హిల్ వీధుల్లో సంత. అది మా గుమ్మానికి నాలుగు నిమిషాలు. మూడో నెలకల్లా కూరగాయలాయన నాకోసం కొత్తిమీర కట్ట పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ‘ఇవాళ బాబు ఏడీ?’ అని అడిగేవాడు. భాషా యాసా పట్టుబడని రోజుల్లో, పేరు తెలియకపోయినా ముఖం గుర్తుపట్టే మనిషి ఒక్కడుంటే ఊరు మనదైపోతుంది. సూపర్‌మార్కెట్‌లో వారానికి సరిపడా కొనుక్కుని కారెక్కేసేవాళ్లకి అది దొరకదు. మీరెక్కడున్నా సరే బుధవారం సంతకు నడిచి వెళ్లండి.

రెండో ఇల్లు ఆసుపత్రి వైపు, హార్డ్‌విక్ లేన్ దగ్గర. మీకు నేను గట్టిగా చెప్పేది ఈ వైపే. హార్డ్‌విక్, నౌటన్, హోరింగర్ కోర్ట్ వైపు ఉన్న పేటలు 20వ శతాబ్దపు రెండో సగంలో కట్టినవి. చూడ్డానికి సాదా ఇళ్లు, ఫొటోల్లో ఎవరినీ ఆకట్టుకోవు. కానీ గోడలు పొడిగా ఉంటాయి, వెనక కొంచెం పెరడు ఉంటుంది, మీవారు నడిచి లేదా సైకిల్ మీద డ్యూటీకి వెళ్లొచ్చు. అంటే మొదటి ఏడాది కారు లేకపోయినా గడుస్తుంది. ఆసుపత్రి పక్కనే హార్డ్‌విక్ హీత్ అనే మైదానం, పెద్ద దేవదారు చెట్లు. ఇంకొంచెం దక్షిణానికి నౌటన్ పార్కు, వసంతంలో అక్కడ నిమ్మచెట్ల బాట కింద డాఫడిల్స్ అనే పసుపు పూలు పరుచుకుంటాయి (లైమ్ అంటారు గానీ మన నిమ్మ కాదు, నీడనిచ్చే మహావృక్షాలు). ఊరి మధ్యకు నడక అరగంట లోపే. పాపని బండిలో కూర్చోబెట్టి వెళ్లి, సంచితో తిరిగి రావడానికి సరైన దూరం.

మోర్టన్ హాల్ చెడ్డదని కాదు, 2017 నుంచి మేమున్నది అక్కడే. ఏ14కు అవతల, ఊరికి తూర్పున పెద్ద పేట. దుకాణాలు, బళ్లు, కమ్యూనిటీ సెంటర్, చెరువు, చెట్ల బాటలు అన్నీ అక్కడే ఉన్నాయి. వీధులు చాలావరకు ఒకవైపు మూసుకుపోయేవే. కొత్తవాళ్లు దారి తప్పుతారు గానీ, పిల్లలు వాకిట్లో సైకిల్ తొక్కుతుంటే మనకు బెంగ ఉండదు. అయితే ఆసుపత్రికి వెళ్లాలంటే ఊరు దాటాలి. బస్సులున్నాయి, సాయంత్రం అయ్యేసరికి, ఆదివారం అయితే పగలూ, పల్చబడిపోతాయి. ఇంట్లో ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే ఇది మంచి చోటు. మీకు రాకపోతే మొదటి చలికాలం అక్కడ వద్దు. వాయవ్యంలో మర్హమ్ పార్క్ లాంటి కొత్త కాలనీలూ ఉన్నాయి. అద్దెకైతే ఇబ్బంది లేదు, ముందు ముందు కొనాలనుకుంటే మాత్రం రోడ్లూ పార్కూ కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) తీసుకుందా, లేక నిర్వహణ సంస్థకు ఏటేటా రుసుము కట్టాలా అన్నది లాయరుతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

అద్దె లెక్కలు రెండు గుర్తుంచుకోండి. 2019 చట్టం ప్రకారం మామూలు ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు. ఇల్లు పట్టి ఉంచడానికి తీసుకునేది ఒక వారం అద్దెకు మించకూడదు. డిపాజిట్‌ని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన పథకంలో పెట్టి మీకు కాగితం ఇవ్వాలి. ఇక్కడ దిగకముందే హైదరాబాదు నుంచి డబ్బు పంపి ఇల్లు ఖాయం చేసుకోకండి. మొదటి కొన్ని వారాలకు ఆసుపత్రి క్వార్టర్స్ ఏమైనా దొరుకుతాయేమో మీవారిని అడగమనండి, ఆ వ్యవధిలో కాళ్లతో తిరిగి ఇల్లు చూసుకోవచ్చు.

ఇప్పుడు చలికాలం గురించి. వర్షం భయం పెట్టుకోకండి, ఇంగ్లండులో వానలు తక్కువ పడే ప్రాంతాల్లో ఇదొకటి. చలికి కోటు ఉంది. కుంగదీసేది చీకటి. డిసెంబరు నడుమ సూర్యుడు ఎనిమిదికి వచ్చి 3:45కే వెళ్లిపోతాడు. మధ్యాహ్నం పాప నిద్ర లేచేసరికి బయట రాత్రి. మీరు సెప్టెంబరులో దిగుతున్నారు కనుక మీకు రెండు నెలల వ్యవధి ఉంది. ఆ రెండు నెలల్లో పొద్దుటి పూటకి ఒక క్రమం కట్టుకోండి. ఊళ్లో చర్చి హాళ్లలో పసిపిల్లల ఆటల గుంపులు నడుస్తాయి, ఏ మతం వాళ్లైనా వెళ్లొచ్చు, చిన్న రుసుము, టీ ఇస్తారు. లైబ్రరీలో పిల్లలకు పాటల పూట ఉంటుంది. నాకు ఇక్కడ మొదటి స్నేహితురాలు దొరికింది అలాంటి ఒక హాల్లోనే, ఇద్దరం ఒకే బొమ్మ రైలు కోసం ఏడుస్తున్న పిల్లల్ని ఓదారుస్తూ. ఇవాళ్టికీ మా ఇంటి తాళం ఒకటి ఆమె దగ్గర ఉంటుంది.

పాపకి మూడేళ్లు నిండిన తరువాతి టర్మ్ నుంచి వారానికి 15 గంటలు, ఏడాదిలో 38 వారాలు, నర్సరీ ఉచితం. ఇది వీసా మీద వచ్చినవాళ్ల పిల్లలకూ వర్తిస్తుంది. ఈ సంగతి తెలియక ఏడాదిపాటు డబ్బు కట్టినవాళ్లని చూశాను. వచ్చిన వారంలోనే జీపీ (కుటుంబ డాక్టరు) దగ్గర ముగ్గురూ పేర్లు రాయించుకోండి, చిరునామా రుజువు లేదని తిప్పి పంపడం నిబంధన కాదు. నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులో పెద్ద బడి. దానికి దరఖాస్తు ఆ ఏడాది జనవరి 15లోగా కౌంటీ కౌన్సిల్‌కి ఇవ్వాలి. బడి దగ్గరలో ఇల్లుంటే సీటు అవకాశం మెరుగు, ఇల్లు చూసేటప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోండి.

డ్రైవింగ్ గురించి కొంచెం గట్టిగానే చెప్తున్నాను. మన లైసెన్సు మీద ఇక్కడ స్థిరపడ్డ నాటి నుంచి 12 నెలలే నడపొచ్చు. మీవారికి ఎలాగూ తప్పదు, ఆయన నేర్చుకుంటారు. మీరూ ఆయనతో పాటే ప్రొవిజనల్ లైసెన్సుకు (మన లెర్నర్స్ లాంటిది) పెట్టండి, థియరీ పరీక్ష చలికాలంలో రాయండి. ‘తర్వాత చూద్దాం’ అన్న నేను ఐదేళ్లు బస్సు వేళలకు బతికాను.

వంటింటి సంగతులు కొన్ని. ఇక్కడిది సున్నపు నేల, నీళ్లు బాగా కఠినం. కెటిల్‌లో తెల్లటి పొర కడుతుంది, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. పప్పులో లోపం లేదు, నీళ్లదే. రెండు మూడు గంటలు నానబెట్టి, వడగట్టిన నీళ్లతో వండితే మెత్తగా ఉడుకుతుంది. శరత్కాలంలో ఇళ్ల గేట్ల ముందు డబ్బాల్లో ఆపిల్స్ పెట్టి, తీసుకెళ్లమని కాగితం అంటిస్తారు. మొహమాటపడకుండా తెచ్చుకోండి. అందులో బ్రామ్లీ అనే పచ్చటి వంట ఆపిల్ ఉంటే అదృష్టం, పుల్లటి పుల్లన. మామిడికాయ పప్పు, ముక్కల పచ్చడి దానితో చేస్తే మా అత్తగారే తేడా పట్టలేకపోయారు. విత్తనాల దుకాణాల్లో దొరికే సారెల్ మన చుక్కకూరకు అక్క వరస. ఒకసారి నాటితే పెరట్లో ఏటేటా అదే చిగురిస్తుంది.

నేను ఉయ్యూరు పిల్లని, చెరుకు ఫ్యాక్టరీ నీడలో పెరిగాను. ఈ ఊళ్లో కూడా 1925 నుంచి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ ఉంది, చెరుకుది కాదు, బీట్ దుంపలది. శరత్కాలం నుంచి చలికాలమంతా ట్రాక్టర్లు, లారీలు మట్టి దుంపలు మోస్తాయి, ఏ14 పక్కన తెల్లటి ఆవిరి లేస్తుంది, గాలి ఇటు తిరిగితే ఉడికిన మట్టిలాంటి వాసన ఊరంతా. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మొదటిసారి ఆ వాసన వచ్చిన రోజు కళ్లనీళ్లు తిరిగాయి, క్రషింగ్ సీజన్‌లో మా ఊరు గుర్తొచ్చి. ఉత్తరాన లేకన్‌హీత్‌లో అమెరికా వైమానిక స్థావరం ఉంది, జెట్ విమానాల మోత అప్పుడప్పుడూ వినిపిస్తుంది. పాప ఉలిక్కిపడితే కంగారు పడకండి.

ఇరుగుపొరుగు. మనలా తలుపు తోసుకుని రారు, కానీ రానంత మాత్రాన మీరంటే ఇష్టం లేదని కాదు. దిగిన వారంలో మీరే ఇటూ అటూ రెండిళ్లకు వెళ్లి పేరు చెప్పుకోండి. ఏ చెత్త బిన్ ఏ వారం బయట పెట్టాలో అడగండి, దానికి జవాబు చెప్పడం వాళ్లకు ఇష్టమైన పని, అక్కడి నుంచి వాతావరణానికీ, తోటకీ, పిల్లలకీ మాట సాగుతుంది. గోడలు కలిసిన ఇళ్లలో పొద్దున ఆరుకు మిక్సీ వేయకండి. దీపావళి రాత్రి ఇక్కడి చట్టం ఒంటిగంట వరకు బాణసంచాకు వీలిస్తుంది, అయినా తొమ్మిదికల్లా ముగించి, రెండు రోజుల ముందే చీటీ రాసి చుట్టుపక్కల ఇళ్లలో వేయండి. కుక్కలున్నవాళ్లు ఆ ఒక్క చీటీని ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు.

మనవాళ్లు లేరన్నది పూర్తిగా నిజం కాదు. ఆసుపత్రి వల్ల కేరళ, తమిళనాడు కుటుంబాలు ఉన్నాయి, తెలుగువాళ్లం కొద్దిమందిమి ఉన్నాం. నల్గొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి పట్టుబట్టి మా పేట కమ్యూనిటీ సెంటర్ అద్దెకు తీసుకుని బతుకమ్మ ఆడించింది. తంగేడు లేదు కదా అని దిగులుపడితే, ఎదురింటి పెద్దావిడ తన తోటలోని గోల్డెన్‌రాడ్ పూలన్నీ కోసి ఇచ్చింది, పచ్చటి పసుపు. ఆవిడే ముందు వచ్చి చప్పట్లు కలిపింది.

మీరు చూడబోయే ఇళ్లలో ఒక్కోదానికీ రెండుసార్లు వెళ్లండి. ఒకసారి ఏజెంటుతో లోపల. ఇంకోసారి మామూలు పనిదినాన సాయంత్రం నాలుగింటికి, పాపని బండిలో కూర్చోబెట్టుకుని, ఆ గుమ్మం నుంచి దగ్గరి పార్కుకూ, దుకాణానికీ నడిచి. దారిలో వీధిదీపాలు ఎలా ఉన్నాయి, రోడ్డు దాటడం ఎంత కష్టం, ఎదురుపడ్డవాళ్లు పలకరించారా చూడండి. వీధుల పేర్లు రాసి పెట్టండి, ఒక్కోదాని గురించి నాకు తెలిసింది చెప్తాను.